దిగండి, ఫొటో దిగండి, ఎక్కండి: మా యూరప్ బస్సు టూరు

2025 జూన్ 10న తిరుగు విమానం ఎక్కాం. పెట్టెలు ఇంకా పూర్తిగా విప్పలేదు, కాళ్ల నొప్పులు తగ్గలేదు. అయినా మర్చిపోకముందే రాసేస్తున్నాను. వెళ్లేముందు నేను చదివినవన్నీ ఈఫిల్ టవర్ ఎత్తు 330 మీటర్లని చెప్పాయి గానీ, దాన్ని చూడటానికి మాకు ఎంత టైమిస్తారో, ఆ టైము ఎవరి చేతిలో ఉంటుందో ఒక్కటీ చెప్పలేదు. అది డ్రైవరు ముందున్న ఒక చిన్న డబ్బా చేతిలో ఉంటుంది. దాని సంగతికి వస్తాను.

వెళ్లింది నేను, మా ఆవిడ, మా అక్క, బావగారు. బావగారు ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యారు. ఆయన చేతికి రసీదు రాని ఖర్చు ఖర్చే కాదు.

ముందు వీసా. మేం తిరిగే దేశాలన్నిటికీ ఒకే వీసా చాలు. విమానం దిగేది పారిస్‌లో కాబట్టి ఫ్రాన్స్ వీసా అడగాలనుకుంటాం కదా. అలా కాదు, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో పడుకుంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మాకు పారిస్‌లో రెండు, స్విట్జర్లాండ్‌లో నాలుగు, ఇటలీలో ఐదు రాత్రులు. అందుకని ఇటలీ. ఫీజు పెద్దలకు 90 యూరోలు. 2024 జూన్ వరకూ 80 ఉండేది. ఆ పైన వీసా సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ, కనీసం 30 వేల యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్సు, 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటో. స్లాటు దొరకడానికే మూడు వారాలు పట్టింది. మార్చి 18న వెళ్లాం.

అక్కడ అక్క వేలిముద్రలు పడలేదు. తుడిచింది, మళ్లీ పెట్టింది, ఊదింది, మళ్లీ పెట్టింది. మెషీన్ ఎర్ర లైటు చూపిస్తూనే ఉంది. కౌంటర్లో అమ్మాయి ఓపిగ్గా, "కొంచెం గట్టిగా నొక్కండి మేడమ్" అంది. వెనకనుంచి బావగారు, "ఇంట్లో లేనిదేమిటి, నొక్కు" అన్నారు. అక్క వెనక్కి తిరిగి ఆయన్ని చూసిన చూపుతో వేలు ఇంకాస్త గట్టిగా పడిందేమో, పచ్చ లైటు వెలిగింది. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు వాళ్ల దగ్గర ఉంటాయి కాబట్టి ఈలోపు ఇంకో ట్రిప్పు పెట్టుకుంటే మామూలుగా ఈ గొడవ ఉండదు.

తర్వాతది ఎదురుచూపు. 15 రోజుల్లో తేల్చాలని రూలు ఉంది, అవసరమైతే 45 దాకా పట్టొచ్చని కూడా అదే రూల్లో ఉంది. విమానం టికెట్లు కొనేశాం, హోటళ్లు బుక్కయ్యాయి, పాస్‌పోర్టులేమో మన దగ్గర లేవు. ఆ రోజుల టెన్షన్ మాటల్లో చెప్పలేను. బావగారు తెల్లవారుజామున లేచి పళ్లు తోముకోకముందే స్టేటస్ చూసేవారు. తెల్లవారకముందే ఏ ఆఫీసువాళ్లు పనిచేస్తారని అడిగితే, "సిస్టమ్ అప్‌డేట్ అవుతుందోయ్, నీకు తెలీదు" అనేవారు. ఏప్రిల్ 11న నాలుగు కవర్లూ వచ్చాయి. నాలుగింట్లోనూ వీసా ఉంది. ఆ రాత్రి ఇంట్లో అందరూ తొమ్మిదికే నిద్రపోయారు.

మే 30న పారిస్‌లో దిగాం. ఇటలీ వీసాతో ఫ్రాన్స్‌లో దిగుతున్నారేమని అడుగుతారని బావగారు ఒక ఫైలు తయారుచేశారు. రంగురంగుల చీటీలు, రోజువారీ ప్రోగ్రాము, హోటల్ కాగితాలు. ఇమిగ్రేషన్ ఆయన వీసా చూసి, "ఇటలీ?" అన్నాడు. బావగారు ఫైలు బల్లమీద పెట్టి దారం ముడి విప్పుతుండగానే స్టాంపు పడిపోయింది. పాస్‌పోర్టు తిరిగి చేతికొచ్చాక కూడా ఆయన రెండు క్షణాలు అక్కడే నిలబడ్డారు. మొత్తం టూర్‌లో ఆయన మొహం అంతగా చిన్నబోవడం నేను మళ్లీ చూడలేదు.

బయట మా బస్సు. గ్రూపులో 44 మందిమి, ఒక టూర్ మేనేజర్ కుర్రాడు, ఒక డ్రైవరు. సీట్లు రోజుకు రెండు వరసలు వెనక్కి జరగాలని మొదటిరోజే రూలు పెట్టారు. దాన్ని మొదటిరోజు అందరూ మెచ్చుకున్నారు, రెండోరోజు నుంచి ముందు వరసలో కూర్చున్నవాళ్లందరికీ ఉన్నట్టుండి కళ్లు తిరగడం మొదలైంది.

ఇక డబ్బా సంగతి. దాన్ని టాకోగ్రాఫ్ అంటారు. బస్సు ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది అన్నీ అందులో రికార్డవుతాయి. అక్కడి రూలు ప్రకారం డ్రైవరు మామూలుగా రోజుకు తొమ్మిది గంటలే నడపాలి, వారంలో రెండుసార్లు మాత్రం పది దాకా పోవచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం ఉండాలి. దాన్ని ముక్కలు చేసుకోవచ్చు గానీ ఏ ముక్కా పావుగంటకు తగ్గకూడదు. రాత్రికి 11 గంటల విశ్రాంతి, దాన్ని తొమ్మిదికి కుదించుకోవడం అప్పుడప్పుడే కుదురుతుంది. పోలీసులు ఎప్పుడు ఆపి చూసినా లెక్క సరిపోవాలి. మా ప్రోగ్రాము కాగితంలో ఇవేవీ లేవు. కానీ రోజూ మేము ఎక్కడ ఎంతసేపు ఉన్నామనేది ఇక్కడినుంచే వచ్చింది.

ఉదాహరణకు మే 31. పొద్దున లూవ్రు మ్యూజియం, మధ్యాహ్నం ఈఫిల్ టవర్, రాత్రి "దీపకాంతుల పారిస్". కాగితం మీద ముచ్చటగా ఉంది. కానీ మే నెలాఖరులో పారిస్‌లో సూర్యుడు అస్తమించేదే పావు తక్కువ పదికి! ఈఫిల్ టవర్ మీద 20 వేల బల్బులు చీకటి పడ్డాక ప్రతి గంట మొదట్లో ఐదు నిమిషాలపాటు మిలమిలలాడతాయి. పొద్దున ఎనిమిదిన్నరకు బయల్దేరిన బస్సు రాత్రి తొమ్మిదిన్నరకల్లా హోటల్ చేరాలి. దీపాలేమో పదింటికి ముందు మిలమిలలాడవు. లెక్క ఎలా వేసినా కుదరదు. మేనేజర్ కుర్రాడు డ్రైవర్ని బతిమాలాడు. డ్రైవరు వేలితో డబ్బాను చూపించాడు, అంతే. దానికితోడు ఆ రాత్రే పారిస్ ఫుట్‌బాల్ జట్టు పీఎస్‌జీ మ్యూనిక్‌లో ఇంటర్ మిలాన్‌ని 5-0తో చిత్తుచేసి మొదటిసారి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. సిటీ మధ్యలోకి బస్సు వెళ్లే ప్రసక్తే లేదు. మేము హోటల్ కిటికీలోంచి హారన్లు, టపాసులు విన్నాం. "దీపకాంతులు చూపిస్తామన్నారు, శబ్దం వినిపించారు. డబ్బులు వాపసు ఇవ్వరా?" అని బావగారు కారిడార్‌లో మేనేజర్‌ని పట్టుకున్నారు. ఆ కుర్రాడు దండం పెట్టి గదిలోకి వెళ్లిపోయాడు.

లూవ్రులో మాకిచ్చింది రెండు గంటలు, అందులో సెక్యూరిటీ లైనుకే ముప్పావు గంట. అందరి పరుగూ మోనాలిసా దగ్గరికే. నిలువు 77 సెంటీమీటర్లు, అడ్డం 53. అద్దం వెనక ఉంటుంది, ముందు కట్టిన బద్దె దగ్గరికి వచ్చేసరికి గార్డు 'కదలండి' అని చెయ్యి ఊపుతూ ఉంటాడు. నేను చెయ్యి పైకెత్తి తీసిన ఫొటోలో ఒకాయన బట్టతల బాగా వచ్చింది.

అక్క కనిపించలేదు. వెతికితే అదే గదిలో, మోనాలిసాకు వీపు పెట్టి నిలబడి ఉంది. ఎదురు గోడంతా ఒకే బొమ్మ. ఇటలీ చిత్రకారుడు వెరొనీసె 1563లో ముగించిన 'కానా పెళ్లివిందు'. దాదాపు ఏడు మీటర్ల ఎత్తు, పది మీటర్ల వెడల్పు, మ్యూజియంలో అంతకంటే పెద్ద చిత్రం లేదు. దాని ముందు జనమే లేరు. అక్క వేలు చూపిస్తూ అందులో మనుషుల్ని లెక్కపెడుతోంది. నూట ముప్పై మంది దాకా ఉంటారు. "ఒరేయ్, ఇటు చూడు. పిల్లి పడుకుని కూజా గీరుతోంది. అందరూ అటు తోసుకుంటున్నారేమిట్రా?" అంది. వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల కోసం వేసిన ఈ బొమ్మను 1797లో నెపోలియన్ సైన్యం ఎత్తుకొచ్చిందని గైడు చెప్పాడు. అక్క గుర్తుపెట్టుకుంది. దాని ఫలితం వెనిస్‌లో చూశాం.

జూన్ 1న పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌కు రోజంతా బస్సే. పావుగంట విరామం అంటే ఏమిటో ఆ రోజు అర్థమైంది. హైవే పక్క ఆగుతుంది. 44 మంది దిగుతారు. మగవాళ్ల పని ఐదు నిమిషాల్లో అయిపోయి కాఫీ మెషీన్ దగ్గర చేరతారు. ఆడవాళ్ల లైను తలుపు దాటి, షాపు దాటి, బయట చెత్తబుట్టల దాకా వస్తుంది. లైన్లో చివర ఉన్నవాళ్లకు తలుపు కనబడేసరికి బస్సు హారన్ కొడుతుంది. వాళ్లు రాకుండా డ్రైవరు బయల్దేరడు కాబట్టి పావుగంట కాస్తా అరగంట అవుతుంది, అవతల చూడాల్సిన చోట ఆ పావుగంట కోత పడుతుంది. మూడో స్టాపు నుంచి మా ఆవిడ ఆధ్వర్యంలో ఆడవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. బస్సు ఆగకముందే బెల్టులు తీసి, వెనక తలుపు దగ్గర ముందుగా పెద్దవాళ్లు, తర్వాత మిగతావాళ్లు. సీట్ల రూలు కంటే ఈ రూలు నిఖార్సుగా నడిచింది.

స్విట్జర్లాండ్‌లో యూరో నోటు ఇస్తే చాలా షాపుల్లో తీసుకుంటారు, చిల్లర మాత్రం ఫ్రాంకుల్లో ఇస్తారు. ఆ నాణేలు దాచుకోండి. స్టేషన్లలో టాయిలెట్లకు అవే దిక్కు.

జూన్ 3న ఆల్ప్స్ కొండల్లోని మంచు కనుమ యుంగ్‌ఫ్రాయోఖ్. గ్రిండెల్‌వాల్డ్ అనే ఊరి నుంచి కేబుల్ కారులో పావుగంట, అక్కడినుంచి కొండను తొలిచిన సొరంగంలో రైలు. 1912 నుంచీ నడుస్తోంది, 3,454 మీటర్ల ఎత్తున ఆగుతుంది. పైన గాలి పలచన, మెల్లగా నడవాలని కుర్రాడు పదేపదే చెప్పాడు. రైలు దిగగానే బావగారు అందరికంటే ముందు లిఫ్టు లైన్లో నిలబడాలని చకచకా నడిచారు, ఇరవై అడుగుల్లో గోడ పట్టుకున్నారు. "ఏం లేదోయ్, గోడ ఎంత చల్లగా ఉందో చూస్తున్నా" అన్నారు. పైన మంచు వేదిక మీదికి వెళితే అంతా తెలుపే. కొండ తెలుపు, ఆకాశం తెలుపు, మధ్యలో మబ్బు తెలుపు. పక్కనున్న మనిషి జాకెట్ తప్ప ఇంకేమీ కనబడలేదు. పైన వాతావరణం ఎలా ఉందో చూపించే లైవ్ కెమెరాలు ఉంటాయి. సొంతంగా వెళ్లేవాళ్లు అవి చూసుకుని రోజు మార్చుకోవచ్చు. గ్రూపులో ఆ వీలుండదు, ఆ రోజు మీ రోజు, అంతే. అయినా అక్కడ అందరూ ఆనందంగానే ఉన్నారు. కనబడని కొండ వైపు చేతులు చాపి ఫొటోలు దిగారు. మా గ్రూపులో ఒక కొత్త జంట ఆ తెలుపులో గంటసేపు రీల్స్ చేసుకుంది.

జూన్ 5 మళ్లీ రోజంతా బస్సు, 6న వెనిస్. శుక్రవారం. 2025లో ఏప్రిల్ నుంచి జూలై దాకా కొన్ని రోజుల్లో, పగటిపూట చూసి వెళ్లిపోయేవాళ్లు ఊళ్లోకి రావడానికే రుసుము కట్టాల్సి వచ్చింది. ముందుగా కడితే 5 యూరోలు, చివరి మూడు రోజుల్లో అయితే 10. వేళ కూడా ఉంది, పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా. మా హోటల్ వెనిస్ పరిధి బయట కాబట్టి మేమూ కట్టాం. క్యూఆర్ కోడు కాగితాన్ని బావగారు రసీదుల కవర్లో భద్రంగా పెట్టారు. ఊళ్లో గైడ్ వెంట 25 మందికి మించి నడవకూడదు, లౌడ్‌స్పీకర్లు నిషేధం. అందుకని మమ్మల్ని రెండు ముక్కలు చేసి, చెవికి పెట్టుకునే రిసీవర్లు ఇచ్చారు. సెయింట్ మార్క్స్ చౌకు దాటేలోపు నా చెవిలో మా గైడ్ పోయి ఎవరో స్పానిష్ గైడ్ వచ్చింది. నాకు అర్థం కాకపోయినా ఆవిడ చెప్పే తీరు బావుంది, చాలాసేపు అదే విన్నాను.

గండోలా అధికారిక రేటు పగటిపూట అరగంటకు 90 యూరోలు. ఇది మనిషికి కాదు, పడవకు. ఐదుగురి దాకా ఎక్కొచ్చు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలా ఆదా. బావగారు నిమిషానికి మూడు యూరోలని లెక్కకట్టి, ఇంకో ముగ్గుర్ని పోగుచేసి, మా ఆవిడను కూడా ఎక్కించుకున్నారు. అక్క మాత్రం గట్టున నిలబడి నీళ్లకు అవతలున్న తెల్లటి చర్చిని చూపించి, "అదేనా ఆ మఠం?" అని అడిగింది. అవును, సాన్ జార్జో మజ్జోరె, ఆ బొమ్మ మొదట ఉన్న చోటు అదే. 2007 నుంచీ అసలు కొలతలతో చేసిన నకలు అదే గోడకు ఉంది. "పోదాం పద" అంది. నీటి బస్సు టికెట్టు మనిషికి తొమ్మిదిన్నర యూరోలు, ప్రయాణం నాలుగైదు నిమిషాలు. తీరా వెళితే భోజనశాల లోపలికి గైడ్‌తో టూరుగానే పంపుతారట, తర్వాతి టూరు మా బస్సు వేళ దాటాకే. అక్క తలుపు మీద చెయ్యి వేసి చూసి, "గోడ ఎంత పెద్దదో తెలుస్తోంది కదా, చాలు" అంది. చర్చిలో మాత్రం టింటొరెట్టో వేసిన 'చివరి విందు' ముందు, పక్కన ఇంకో మనిషి లేకుండా, తీరిగ్గా నిలబడ్డాం. మొత్తం టూరులో ఎవరూ హారన్ కొట్టని అరగంట అదొక్కటే.

ఇటు గండోలాలో బావగారి పరిస్థితి వేరు. ఇరుకు కాలువలో వంతెన కింద ఎదురెదురుగా పడవలు ఇరుక్కుపోయాయట. "ట్రాఫిక్ జామ్‌లో నిలబడ్డానికి నిమిషానికి మూడు యూరోలు కట్టిన మొదటి మనిషిని నేనే అయ్యుంటానోయ్" అన్నారు. పడవవాణ్ణి రసీదు అడిగారా అని మాత్రం నేను అడగలేదు. ఆ పక్కన మా ఆవిడ నవ్వు ఆపుకుంటున్న తీరు చూస్తే అడిగే ఉంటారు.

7న పీసా. ఈ టవర్ గురించి అందరికీ తెలుసు. 1173లో మొదలెట్టారు, నేల మెత్తనై కడుతుండగానే ఒరిగింది, 1990లో మూసి సరిచేసి 2001 డిసెంబరులో మళ్లీ తెరిచారు. నేను చెప్పేది ఎదురుగా ఉన్న పచ్చిక గురించి. ఫొటో తీసేవాడి కంటికి టవర్‌ని ఆపుతున్నట్టు కనిపించాలని వందల మంది చేతులు చాచి నిలబడి ఉంటారు. పక్కనుంచి చూస్తే వాళ్ల ముందు టవరూ లేదు, ఏమీ లేదు. ఊరికే గాలిని తోస్తున్నారు. ఒకావిడ కాలెత్తి తన్నుతోంది. ఒక పిల్లాడు నాలుకతో నాకుతున్నట్టు పెట్టాడు. బావగారి వంతు వచ్చింది. నేను తీస్తున్నాను. "కొంచెం ఎడమకి. ఎడమ అంటే మీ ఎడమ కాదు, నా ఎడమ. చెయ్యి దించండి. అంత కాదు." ఆయన చెయ్యి టవర్ లోపలికి దూరిపోతోంది, లేదా అడుగు దూరంలో ఆగిపోతోంది. ఈలోగా వెనకున్న ఒక కొరియా కుర్రాడు వచ్చి, ఏమీ మాట్లాడకుండా నన్ను భుజాలు పట్టి రెండడుగులు పక్కకు జరిపాడు. ఒక్క క్లిక్కుతో కుదిరింది. కదలాల్సింది ఫొటో దిగేవాళ్లు కాదు, తీసేవాళ్లు.

రోమ్‌లో 8, 9 తేదీలు. 2025 క్యాథలిక్కుల జూబ్లీ సంవత్సరం, పాతికేళ్లకోసారి వచ్చేది. సెయింట్ పీటర్స్ చర్చిలో జూబ్లీకని తెరిచే పవిత్ర ద్వారం అప్పుడు తెరిచి ఉంది. దానికి తగ్గ జనం. సెక్యూరిటీ లైన్లోనే రెండు గంటలు, ఎండలో. గొడుగు తీసుకెళ్లండి. పెద్ద బస్సుల్ని నగరం నడిబొడ్డుకి రానివ్వరు కాబట్టి నడక తప్పదు. మేము వెళ్లినప్పుడు ట్రెవీ ఫౌంటెన్ దగ్గర ఒకేసారి 400 మందినే లోపలికి వదిలేవారు. అందులో వేసే నాణేలు ఒక క్యాథలిక్ సేవా సంస్థకు వెళ్తాయని తెలిశాక, బావగారు వాటిని విరాళం కింద రాసుకున్నారు. స్పానిష్ స్టెప్స్ చూస్తూనే అక్క "అమ్మయ్య" అని కూలబడింది. వెంటనే పోలీసు ఈల. 2019 నుంచి ఆ మెట్లమీద కూర్చోకూడదు, జరిమానా వందల యూరోల్లో ఉంటుంది. "కూర్చోని మెట్లు ఎందుకు కట్టారమ్మా!" అని అక్క లేచింది.

రోమ్‌లో నాకు బాగా నచ్చినవి వీధి కుళాయిలు. ఇనుప స్తంభానికి వంకర ముక్కులాంటి గొట్టం, ఎప్పుడూ పారే చల్లటి నీళ్లు, పూర్తిగా ఉచితం. ఊరంతా ఉంటాయి. ముక్కు చివర వేలితో మూస్తే పైనున్న చిన్న కంతలోంచి నీళ్లు పైకి చిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. దారినపోయే ఒక ముసలాయన బావగారికి చూపించాడు. బావగారు వేలు పెట్టేటప్పుడు మొహం సరిగ్గా కంతకెదురుగా పెట్టారు. కళ్లజోడు తుడుచుకుంటూ ఆయన అన్న మొదటి మాట, "వారం రోజులుగా సీసాకు రెండేసి యూరోలు పోశామోయ్".

ప్యాకేజీలో కలవని ఖర్చులు ముందే పక్కన పెట్టుకోండి. రోమ్‌లో మూడు స్టార్ల హోటల్లో మనిషికి రాత్రికి 6 యూరోల సిటీ ట్యాక్సు, దాన్ని హోటల్లోనే కట్టాలి. డ్రైవరు, మేనేజర్లకు టిప్పులు. వెనిస్‌లో టాయిలెట్‌కు ఒకటిన్నర యూరో. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు.

చివరిది ట్యాక్స్ రిఫండ్. ఇటలీలో ఒకే షాపులో 70 యూరోలు దాటి కొంటే పన్నులో కొంత వెనక్కి ఇస్తారు. అక్క ఒక తోలు సంచీ కొంది. జూన్ 10న ఎయిర్‌పోర్టుకు వచ్చాక పెట్టెలు చెక్-ఇన్ చేయకముందే రిఫండ్ దగ్గరికి వెళ్లాలి, కొన్న వస్తువు చూపించమనొచ్చు. మా గ్రూపులో సగం మంది పెట్టెలు ముందే పంపేశారు, వాళ్లు ఆశ వదులుకున్నారు. బావగారు సంచీని మెడలో వేలాడదీసుకుని గంటసేపు లైన్లో నిలబడ్డారు. తీరా వంతు వస్తే సంచీ వంక ఎవరూ చూడలేదు. నగదు కావాలా, కార్డులో వేయమంటారా అన్నారు. నగదైతే కమిషన్ కోస్తారని ఆయన కార్డు అన్నారు. కొన్ని వారాలు పడుతుందని చెప్పారు. ఇది రాసే వేళకి ఇంకా పడలేదు.